పలకల పొట్ట, మావయ్య బెల్లం

బెల్లం ముక్క వద్దన్నందుకు పెళ్లికూతురిని పోగొట్టుకోబోయినవాడు ఈ భూమ్మీద నేనొక్కడినే అయి ఉంటాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వేవాళ్లు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. నాకేం సిగ్గులేదు. ఈ వయసులో కూడా తప్పు నాది కాదనే నా వాదన.

తెల్లదొరలు వెళ్లిపోయి పదేళ్లు కావస్తున్న రోజులవి. చోడవరం పక్కన మా చెరకు పొలాల్లో నా అంత ఏపుగా పెరిగింది ఇంకేదీ లేదు. ఇంట్లో ఏడాది పొడుగునా బెల్లం, పాడి, నెయ్యి. మధ్యలో నేను. అలాగని నన్నెవరూ చిన్నచూపు చూశారనుకోకండి. మా వైపు కుర్రాడి పొట్ట చూసి వాళ్ల పొలం ఎంత పండుతుందో అంచనా కట్టేసేవారు. మా నాన్న సంతకి వెళ్తే నన్ను కూడా బండెక్కించుకునేవాడు. నన్ను చూశాక మా బెల్లం సంగతి ఎవరూ అడిగేవారు కాదు.

అలా హాయిగా బతుకుతున్నవాడిని మావయ్య వాళ్ల ఊరు చీడికాడలో ఒక పెళ్లికి వెళ్లి పాడైపోయాను. అక్కడ నేను కూర్చున్న బెంచీ మధ్యకి విరిగింది. పక్కనే ఉన్న మా మావయ్య కూతురు వరాలు నన్ను లేవదీయలేదు సరికదా, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బావా, కింద కూకుంటే భూమైనా ఆగుతాదో నేదో సూసుకో" అంది. ఆ మాటకి పందిరి మొత్తం నవ్వింది. మిగతావాళ్ల నవ్వు నేను లెక్కచేయలేదు. వరాలు నవ్వే గుచ్చుకుంది, ఎందుకంటే నేను చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని అప్పటికే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం వరాలుకి ఇంకా తెలీదు, అది వేరే సంగతి.

ఆ వారమే క్షవరానికి చోడవరం వెళితే మంగలి షాపులో ఏదో టానిక్కు కంపెనీ క్యాలెండరు కనబడింది. దాని మీద ఒక వస్తాదు నిలబడి ఉన్నాడు. వాడి పొట్ట మీద కండలు పలకలు పలకలుగా, గడులు గీసినట్టు ఉన్నాయి. మనిషి పొట్టకి అలాంటి సదుపాయం ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. సగం గడ్డంతో లేచి ఆ బొమ్మ దగ్గరకి వెళ్లి చూశాను. చెరకు కోతలు అయ్యేలోగా నా పొట్ట మీద కూడా పలకలు తేలాలి, వరాలు వాటిని చూడాలి. అంతే.

మర్నాటి నుంచి తీపి బంద్. నెయ్యి బంద్. అన్నం కూడా బంద్. చోడి అంబలి, అంటే రాగి జావ, నానబెట్టిన శనగలు, ఉడికించిన గుడ్లు. తెల్లవారకుండానే తోటలో దండీలు, బస్కీలు. ఆ తర్వాత చెరకు మోపు నెత్తిన పెట్టుకుని గట్టు మీద పరుగు. మా ఎడ్లు నెమరు ఆపి మరీ చూసేవి.

మా అమ్మ మొదట బతిమాలింది, తర్వాత ఏడ్చింది, తర్వాత దొంగతనానికి దిగింది. అంబలిలో నెయ్యి కలిపేసేది.

"ఇందులో ఏటేసేవమ్మా?"

"ఏటెయ్యనేదు. అంబలే అలగుంది."

"అంబలి మీద నెయ్యి తేల్తందే."

"ఉంటే తాగు నాయినా. కన్నతల్లిని దొంగని సేస్తన్నావేటి?"

నేను గిన్నె పక్కకి తోసేసేవాడిని. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. "ఊరందరూ ఏటనుకుంతన్నారో తెలుసా? పంట పోయిందనుకుంతన్నారు" అని మా నాన్న కూడా విసుక్కున్నాడు. సంతకి తీసుకెళ్లడం మానేశాడు.

అనుకోనివ్వండి. మాఘమాసం వచ్చేసరికి పలకలు తేలాయి. పైవి స్పష్టంగా, మధ్యవి ఒక మాదిరిగా. కిందవి కూడా బయల్దేరాయని నా నమ్మకం. చలిలో కూడా చొక్కా వేసుకోవడం మానేశాను. అంత కష్టపడింది గుడ్డ కింద దాచుకోవడానికా?

సరిగ్గా అప్పుడే, మా గానుగలో తొలి పెనం బెల్లం దిగిన రోజున, మావయ్య బండి కట్టించుకుని వచ్చాడు. ఆయనెందుకు వచ్చాడో ఇంట్లో అందరికీ తెలుసు. మాడుగులలో హల్వా కొట్టువాళ్ల సంబంధం ఒకటి వరాలుకి వచ్చింది. దానికి ఊ అనేముందు చెల్లెలి కొడుకుని అడగాలి కదా. మా ఇళ్లల్లో ఆ అడగడానికి ఒక పద్ధతి ఉంది. పిల్లనిస్తాను, చేసుకుంటావా అని నోటితో అడగరు. మేనమామ కొత్త బెల్లం ముక్క తుంచి మేనల్లుడి నోటికి అందిస్తాడు. తింటే పిల్లని చేసుకుంటానని మాట ఇచ్చినట్టు. ఇంక ముహూర్తం చూసుకోవడమే.

మావయ్య నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఏటే అప్పయమ్మా, గుంటడు ఇలగైపోనాడు? జొరమేటి?"

"ఏటో అన్నయ్యా, నానేటి సెప్పేది" అని అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఎంతైనా మేనమామ. ఇంకేమీ అనకుండా, పళ్లెంలో ఇంకా వేడిగా ఉన్న బెల్లం ముక్క ఒకటి తుంచి నా నోటి ముందు పెట్టాడు. నెలల తరబడి నోటికి దూరమైన తీపి వాసన. నేను గుండె రాయి చేసుకుని, ఛాతీ విరిచి, ఎంతో గర్వంగా అన్నాను.

"వద్దు మావయ్యా. నాను తీపి మానీసేను."

నన్ను నమ్మండి, ఆ క్షణంలో నాకు కనబడింది బెల్లం మాత్రమే. దాని వెనకాల ఉన్న పిల్ల కనబడలేదు. మావయ్య ముక్కని పళ్లెంలో పెట్టేసి, కండువాకి చెయ్యి తుడుచుకుని, "సరే బాబూ" అని బండి దగ్గరకి నడిచాడు.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒరే దరిద్రుడా, నువ్వొద్దన్నది బెల్లమనుకుంతన్నావా? వరాల్ని."

నా కింద మళ్లీ బెంచీ విరిగింది. ఈసారి బెంచీ లేకుండానే. వరాలు మాడుగుల హల్వా కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నట్టు కళ్ల ముందు మెదిలింది. పళ్లెంలో ముక్క లాక్కుని బండి వెనకాల పరుగెత్తాను. ఆ రోజు ఎడ్లని దాటాను. గట్టు మీద చేసిన సాధన దండగ అన్నవాళ్లకి ఇదే నా జవాబు.

"మావయ్యా, ఆగు. తింతాను."

"తినక్కర్నేదు. ఇష్టం నేనోడికి నోరు తెరిసి కుక్కుతామేటి?"

"నానొద్దన్నది బెల్లాన్నే మావయ్యా. వరాల్ని కాదు."

"బెల్లం సేసిన పాపమేటి?"

"పొట్ట" అన్నాను ఆయాసపడుతూ. "సూడు. పలకలు."

మావయ్య బండి ఆపించి వంగి చూశాడు.

"ఎముకల్నాగున్నాయి కదరా."

"ఎముకలు కావు, కండలు. నొక్కి సూడు."

వేలు పెట్టి నొక్కాడు. ఇంకోచోట నొక్కాడు. "గట్టిగానే ఉన్నాయి" అని ఒప్పుకున్నాడు. "ఎందుకురా ఇయ్యి?"

"వరాలు సూడాలని."

ఆయన మీసం కదిలింది. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుసు. "నాకు నమ్మకం కలిగింది. మీ అత్తకి కలగాలి కదా. సిక్కిపోయిన గుంటడంటే క్షయ అనుకుంతాది. బండెక్కు. దాని ముందు కూకుని తిను. రోగమున్నోడికి ముద్ద దిగదు."

చీడికాడలో అత్త నా ముందు ఆకు వేసి, పక్కనే పీట వేసుకుని పరీక్షగా కూర్చుంది. అన్నం, నెయ్యి, పప్పు, బెల్లం పరమాన్నం, బూరెలు. ముందు వరాలు కోసమే తిన్నాను. ఆ తర్వాత నా కోసం తిన్నాను. నెలల ఆకలి ఒక్క పూటలో తీర్చుకుంటుంటే, "ఇంకొంచెం ఎట్టమంతావా బాబూ" అని అత్త గొంతు మెత్తబడుతూ వచ్చింది. చివరికి ఆవిడే లేచి మావయ్యతో, "గుంటడికి ఏ రోగమూ నేదు, బెల్లం అట్రా" అంది. మావయ్య తుంచి పెట్టిన ముక్కని వేలితో సహా కొరికేశాను.

అప్పుడు పెరటి తలుపు చాటు నుంచి వరాలు వచ్చింది.

"నాయిన సెప్పేడు బావా, నా కోసం పొట్ట మీద పలకలు దేలించేవట. ఏవీ, ఒకసారి సూడనీ."

గర్వంగా కిందకి చూసుకున్నాను. పొట్ట గుమ్మడికాయలా నున్నగా, నిండుగా ఉంది. ఒక్క గీత లేదు.

"నోపలున్నాయి" అన్నాను.

వరాలు గుమ్మానికి చేరబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ వైశాఖంలోనే మా పెళ్లయింది. పలకలు మళ్లీ బయటికి రాలేదు.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మేనమామ చేతిలో బెల్లం ఉన్నంతసేపు నమలడానికి తప్ప ఇంకెందుకూ నోరు తెరవను. దండీలు తీసినందుకు మాత్రం ఎవరికీ క్షమాపణ చెప్పను. నా పొట్ట మీద పలకలు ఉండేవి. మా మావయ్య వేలు పెట్టి నొక్కి చూసి మరీ పిల్లనిచ్చాడు. మీరు ఉత్తినే నమ్మడానికి ఏడుస్తారేం?