బాక్సింగ్ డే సర్క్యులర్‌లో రాయని వాక్యం

పాపకి అయిదో నెల వచ్చిన డిసెంబరులో, ప్రసూతి సెలవు ముగిసి, ఖతార్‌లోని బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక నిర్మాణ కంపెనీ కార్మికుల క్యాంప్‌లో మళ్ళీ డ్యూటీలో చేరాను. సంక్షేమ విభాగంలో సహాయకురాలిని. ఆ ఉద్యోగం ఇప్పుడు మానేశాను. పని చిన్నదే: ఇంగ్లిష్ సర్క్యులర్లను తెలుగులో రాయడం, వెల్ఫేర్ ఆఫీసర్ చేత ముద్ర వేయించడం, మెస్ హాలు బోర్డుకి అంటించడం. ముద్ర పడిన కాగితం కంపెనీ మాట కింద లెక్క.

ఆ ఏడు క్రిస్మస్ మర్నాడు, బాక్సింగ్ డే నాడు, ప్రతి కార్మికుడికీ దుప్పటి, సబ్బులు, టీపొడి ఉన్న పెట్టె ఇవ్వాలని కంపెనీ నిర్ణయించింది. ఆ రోజు గుద్దులాట పోటీ ఏమైనా ఉందా అని జగిత్యాల వైపు నుంచి వచ్చిన రూమ్ లీడర్ రాజన్న నన్ను ఆటపట్టించాడు. అందుకని ఆ పేరు ఎలా వచ్చిందో సర్క్యులర్‌లోనే రాశాను. కచ్చితంగా ఎవరికీ తెలియదు. పాతకాలం ఇంగ్లండులో చర్చిలోని దానపు పెట్టెను ఆ రోజు తెరిచి పేదలకు పంచేవారని కొందరంటారు. పండగనాడు పనిచేసిన నౌకర్లకు యజమానులు మర్నాడు పెట్టెలో కానుకలిచ్చి ఇంటికి పంపేవారని మరికొందరంటారు. బాగా రాశానని కాస్త గర్వపడ్డాను కూడా.

సర్క్యులర్ అంటించిన మూడో రోజు మెస్‌లోకి వెళ్తే బోర్డు కింద అట్టపెట్టె ఉంది. పైన చీలిక. మీద దానపు పెట్టె గురించి నేను రాసిన వాక్యమే, పెద్ద అక్షరాలతో. కాలు విరిగి ఊరికి వెళ్ళిపోయిన సాయిలు అనే కార్మికుడి కోసం రాజన్న పెట్టాడు. ఖతార్‌లో లైసెన్సున్న సేవాసంస్థలు తప్ప ఎవరూ విరాళాలు పోగుచేయకూడదు, కేసవుతుంది. చేరిన కొత్తలోనే మాకు ఆ నియమం చెప్తారు. మర్నాడే క్యాంప్‌లో ప్రభుత్వ తనిఖీ. ముందు పట్టుకునేది రాజన్ననే.

పెట్టె తీసేయమన్నాను.

“మీరే రాసిండ్రు గదా మేడమ్, డబ్బల ఏసి పేదోళ్లకిచ్చే దినమని.”

అది పేరు సంగతి, ఇక్కడ పెట్టమని కాదన్నాను.

“పెట్టొద్దని గూడ రాయలే.”

ఎవరివి వాళ్ళకి ఇచ్చేయమంటే, ఎవరు వేశారో రాసుకోలేదన్నాడు. సర్క్యులర్ చింపేసి ఇంటికి పోదామనిపించింది. పాపకి పాలిచ్చే వేళ దాటి కుర్తా తడుస్తోంది. చేయి బోర్డు దాకా వెళ్ళింది. కానీ ఆ కాగితం లేకపోతే, పెట్టెకి జవాబు చెప్పాల్సింది రాజన్న ఒక్కడే.

పెట్టె పట్టుకుని ఆఫీసర్ గదికి వెళ్ళాను. ఘటన నివేదికలో ‘కారణం’ అన్న గడిలో సర్క్యులర్ నంబరు, కింద నా పేరు రాశాను. ఆయన ఆ గడి రెండుసార్లు చదివారు. ఆ కాసేపట్లో మావారి వీసా, పాప పాస్‌పోర్టు, మమ్మల్ని వెనక్కి పంపే ఎయిర్‌పోర్టు క్యూ అన్నీ కళ్ళముందు తిరిగాయి.

సాయంత్రానికి లైసెన్సున్న సంస్థ మనిషిని పిలిపించి, జరిగింది చెప్పి, పెట్టె అప్పగించారు. రాజన్న మీద చర్య లేదు. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. ఆ సొమ్ము సంస్థ నిధిలో కలిసిపోయింది, సాయిలుకి చేరలేదు. వస్తోందని రాజన్న అప్పటికే ఫోన్లో చెప్పేశాడు.

ఆ తర్వాత నా ప్రతి సర్క్యులర్ ఆఖరి వాక్యం, ఇక్కడ ఏం చేయకూడదో చెప్పేది. రాజన్న బోర్డు ముందు నిలబడితే మొదట అదే చదివేవాడు. నేను నేర్చుకున్నది ఇంతే: ముద్ర పడిన కాగితంలో ఉత్త సమాచారం అంటూ ఉండదు. చదివేవాడికి అదంతా అనుమతే.