మాస్టరు మీసం, మాడిన బ్రెడ్డు

బేకరీలో పని చేస్తూ బ్రెడ్డు ముట్టని మనిషి ఎక్కడైనా ఉంటాడా అని అడిగితే, ఆ వీధిలో వాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు. అదిగో, ఆ బట్టీ ముందు నిలబడ్డ మీసాలాయన. పొద్దున్నే మోచేతుల దాకా మైదాలో మునిగి, ఊళ్ళో అందరికీ బన్నులూ కేకులూ బిస్కెట్లూ కాల్చి పంపి, మధ్యాహ్నం మాత్రం తన డబ్బా మూత తీసి కాల్చిన చేపా, ఉడికించిన గుడ్లూ, బట్టీ బూడిదలో మగ్గిన చిలగడదుంపా తింటాడు. "ఒక్క బిస్కెట్టు తిను" అంటే చాలు, బట్టల సబ్బు కొరకమన్నట్టు చూస్తాడు. బేకరీలో బట్టీ చూసుకునే పెద్ద పనివాణ్ణి మాస్టరంటారు గనక మొదట్లో ఆయన్ని అందరూ మాస్టరనే పిలిచేవారు. తర్వాత్తర్వాత రాతియుగం అనడం మొదలుపెట్టారు.

ఎందుకంటే ఏ తిండి ఎదురొచ్చినా ఆయనది ఒకటే ప్రశ్న. రాతియుగంలో ఇది ఉందా? వేటాడింది, తవ్వింది, కోసింది, ఏరింది అయితే లోపలికి రావచ్చు. మరపట్టింది, పులిసింది, పాకం పట్టింది అయితే గుమ్మంలోనే ఆగాలి. ఈ రకం తిండిని పాలియో అంటారని ఎవరో చెప్పారట. పేరులోనే పాలున్నాయి కదా అని పాల ప్యాకెట్లు వేసే ఆవిడ సంబరపడి అడిగితే, పాలు మానేస్తేనే పాలియో అని మొహం మీదే చెప్పాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ ప్యాకెట్లు చేతికివ్వకుండా గుమ్మంలో పడేసి పోయేది.

కౌంటరు దగ్గర కూర్చునేది ఓనరుగారి కూతురు. ఊహ తెలిసినప్పటి నుంచీ మాస్టర్ని బాబాయ్ అని పిలుస్తూ, ఆయన చేత్తో చేసిన క్రీము బన్నులు తిని పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్నా, మాస్టరూ కుర్రతనంలో ఒకే బట్టీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. ఆ చనువుతో ఇద్దరూ పొద్దున షట్టరెత్తింది మొదలు సాయంత్రం దించేదాకా పోట్లాడుకుంటారు. అంత మంచి బాబాయ్‌కి ఉన్నట్టుండి కిందటేడు ఈ తిండి పిచ్చి పట్టేసరికి ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. తన తిండి తను తిని ఊరుకుంటే గొడవే లేదు. కొనడానికి వచ్చినవాళ్ళ తిండి కూడా ఆయనకే కావాలి.

ఒకసారి ఒకావిడ కొడుకు పుట్టినరోజుకని కేకు చెప్పి, దాని మీద నిండు నూరేళ్ళు వర్ధిల్లు అని రాయమంది. మాస్టరు క్రీము గొట్టం పట్టుకుని అక్షరాలు ముత్యాల్లా రాశాడు. రాసి, కేకు వంకా ఆవిడ వంకా చూసి, "నూరేళ్ళని రాయడం రాశానమ్మా. ఈ కేకులు ఏడాదికొక్కసారైతేనే దానికి పూచీ. రోజూ అయితే మాత్రం ఎనభై అని దిద్దుతా" అన్నాడు. ఆవిడ బిత్తరపోయింది. అమ్మాయి కౌంటరు వెనక నుంచి పరిగెత్తుకొచ్చి క్షమాపణలు చెప్పి, కొవ్వొత్తులు ఊరికే ఇచ్చి పంపింది.

"వీణ్ణి పనిలో ఉంచుకోవడం కంటే కొట్టుకి నిప్పు పెట్టుకోవడం నయం" అనేవాడు ఓనరు. అలా అనడం ఆయనకి అలవాటే. మాస్టర్ని మాటల్లో ఓడించాలని ఆయనకి మహా పట్టుదల. రాతియుగం వాళ్ళు ముప్పై ఏళ్ళకే పోయేవారట గదా అని ఒకరోజు పేపరు తెచ్చి చూపించాడు. మాస్టరు తొణకలేదు. "పులి నోట్లో పడి పోయారు, బన్నులు తిని కాదు" అన్నాడు. మరి రాతియుగంలో సైకిలుందా, దాని మీదెందుకు వస్తున్నావు అంటే, సైకిల్ని నేను తినడం లేదుగా అన్నాడు. ఉప్పు సంగతేమిటంటే, రాళ్ళుప్పు అన్న మాటలోనే రాయి ఉందన్నాడు.

ఈ వాదాలు ముదిరే వ్యవహారం పందెం దాకా వెళ్ళింది. ఆ షాపుకి ఏటా వార్షికోత్సవం చేస్తారు. తెలిసినవాళ్ళందర్నీ పిలిచి, పెద్ద కేకు చేసి, మొదటి ముక్క ఓనరు తింటాడు. కిందటేటి వేడుక అయిన కొద్ది రోజులకే మాస్టరు బట్టీ ముందు నిలబడి, వచ్చే వార్షికోత్సవం ముగిసేదాకా ఈ షాపు సరుకు ఒక్క ముక్క కూడా నోట పెట్టనని, పెడితే మీసం తీయించుకుంటానని అందరి ముందూ ప్రకటించాడు. తను నిలబడితే ఓనరు తన మీసం తీయించుకోవాలన్నాడు. పౌరుషమొచ్చి ఓనరు సరేనన్నాడు. రోజూ బన్నుల కోసం వచ్చే రిటైరైన జడ్జిగారొకరు అప్పుడక్కడే ఉన్నారు. ఎన్నాళ్ళకో మళ్ళీ ఒక కేసు దొరికిన సంతోషంతో ఆయన గొంతు సవరించుకుని, ఉభయుల మీసాలూ ఈ క్షణం నుంచి కోర్టు ఆధీనంలో ఉన్నాయని తేల్చేశారు.

మాస్టరు మీసం మామూలు మీసం కాదు. బట్టీ సెగకి కొసలు రాగిరంగు తిరిగి, రెండు పక్కలా పైకి లేచి ఉంటుంది. అది లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయన పెళ్ళాం కూడా చూడలేదట. కాబట్టి ఏడాది పాటు వీధి వీధంతా ఆయన నోటికి కాపలా కాసింది.

ఓనరు మాత్రం కాపలాతో ఊరుకోలేదు. బ్రెడ్లన్నీ దిగాక బట్టీలో మిగిలిన వేడిలో మాస్టరు తన వంట పెట్టేవాడు. గుమ్మడి ముక్కలు, పొట్టుతో సహా ఉల్లిపాయలు, మిరియాలు పట్టించిన కోడి. మసాలా తక్కువ, హంగామా అసలే లేదు. మధ్యాహ్నం డబ్బా తెరవగానే ఓనరు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, మనుషులు తినే తిండేనా ఇది అని వెక్కిరించేవాడు. తిని చూడందే వెక్కిరించడం కూడా చేతకాదు నీకు అనేవాడు మాస్టరు. చేతకాదనే మాట ఓనరుకి పడదు. వెంటనే ఒక ముక్క నోట్లో వేసుకుని ఉప్పు తక్కువైందనేవాడు. ఇంకో ముక్క తిని గుమ్మడికాయ పచ్చిగా ఉందనేవాడు. అలా వంకలు పెడుతూ పెడుతూ సగం డబ్బా ఖాళీ చేసి, ఛీ అని లేచిపోయేవాడు. మర్నాడు డబ్బా ఇంకాస్త పెద్దదయ్యేది. ఒక మనిషికి ఇంత తిండెందుకు అని అమ్మాయి అనుకునేది గానీ అడగలేదు.

ఆమెని ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటుంది. పొద్దున బట్టీలోంచి దిగిన మొదటి బ్రెడ్డు కొస కోసి, వెన్నా పంచదారా రాసి ఓనరుకివ్వడం వాళ్ళ తాత నాటి నుంచీ వస్తున్న పద్ధతి. ఈ పిచ్చి మొదలైన దగ్గర్నుంచి ఆ మొదటి బ్రెడ్డు రోజూ మాడిపోయేది. మిగతావన్నీ బంగారు రంగులో దిగేవి, అదొక్కటే బొగ్గయ్యేది. పొడుగాటి చెక్క తెడ్డు మీద దాన్ని బయటికి లాగి, "మళ్ళీ మాడింది" అని మాస్టరు మొహం వేలాడేసేవాడు. ఓనరు నానా తిట్లూ తిట్టేవాడు. ఆ రోజుకి ఇంకో బ్రెడ్డు కొస కోయడానికి పద్ధతి ఒప్పుకోదు, మొదటిదంటే మొదటిదే. బాబాయ్ చెయ్యి పట్టు తప్పుతోందని, చూపు కూడా తగ్గిందేమోనని అమ్మాయి లోపల్లోపలే దిగులు పడింది. నాన్న ఆయన్ని పనిలోంచి తీసేస్తాడేమోనని భయపడింది కూడా.

చివరికి వార్షికోత్సవం రానే వచ్చింది. సాయంత్రానికి షాపు కిటకిటలాడింది. పాలావిడ వచ్చింది, నిండు నూరేళ్ళ కేకు ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. జడ్జిగారు ఇస్త్రీ చేసిన కోటు తొడుక్కుని, మంగలిని కూడా తనతో తెచ్చారు. మాస్టరు చేసిన కేకు బల్ల మీద ఠీవిగా కూర్చుంది. అందరూ అప్పటికే ఓనరు మీసానికి వీడ్కోలు చెప్పేస్తున్నారు.

జడ్జిగారు చెయ్యెత్తి, మొదట ఓనరుగారు కేకు తినాలి, దాంతో వార్షికోత్సవం పూర్తి, ఆ తర్వాత తీర్పు అన్నారు. ఓనరు కేకు కోశాడు. మొదటి ముక్క చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఆగిపోయాడు. అమ్మాయి పక్కనే ఉంది. నాన్న ఆ ముక్క వంక చూసే చూపు ఆమె ఎన్నడూ ఎరగదు. తినాలనీ ఉంది, తినకూడదనీ ఉంది, ఇంతమంది ముందు కాదనే దారి లేదు. తినండి తినండి అని జనం ఒకటే గోల. ఆయన చెయ్యి నోటి దాకా వెళ్ళింది.

మాస్టరు చటుక్కున ముందుకొచ్చి, ఆ చేతిలో ముక్క లాక్కుని తన నోట్లో పెట్టుకున్నాడు.

మాస్టరు తొందరపడకుండా, బుగ్గ నిండా కేకుతో, శుభ్రంగా నమిలి మింగాడు. మీసం మీద క్రీము అంటింది. అప్పుడు జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. రాతియుగం అంతమైపోయిందని ఎవరో అరిచారు. పాలావిడ చప్పట్లు కొట్టింది. చేతికందిన కేసు ఇలా పారేసుకున్నవాణ్ణి తన సర్వీసులో చూడలేదన్నారు జడ్జిగారు.

"పోతే పోయింది" అన్నాడు మాస్టరు, మూతి తుడుచుకోకుండానే. "నేను చేసిన కేకు, నా నోరు, నా మీసం. మధ్యలో మీకేంటి?" అని, చెప్పి మరీ ఇంకో ముక్క తిన్నాడు. తర్వాత నిటారుగా నడుచుకుంటూ వెళ్ళి మంగలి ముందు కూర్చున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక అమ్మాయి బట్టీ గదిలోకి వెళ్ళింది. మాస్టరు మీసం లేని మొహంతో బూడిద ఎత్తుతున్నాడు. వాళ్ళ నాన్న పిండి బస్తా మీద కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు తిన్నావురా?" అంటున్నాడు నాన్న.

"నువ్వు ఒక్క ముక్కతో ఆగే మనిషివా? రేపు పొద్దున్నుంచి మళ్ళీ మొదలెడతావు. ఏడాది పడ్డ కష్టం బూడిదైపోదూ?"

అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమెని చూసి నాన్న ఇక దాచలేకపోయాడు. కిందటేడు వార్షికోత్సవం తర్వాత ఒకరోజు బట్టీ ముందు కళ్ళు తిరిగి పడిపోతే, మాస్టరే ఆయన్ని బ్రెడ్ల వ్యానులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడట. షుగరు బాగా ఎక్కువుందని, మాత్రలతో పాటు మైదా, పంచదార మానాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడట. బేకరీవాడికే షుగరంటే జనం నవ్విపోతారని, అమ్మాయి బెంగ పెట్టుకుంటుందని, ఎవరికీ చెప్పనని మాస్టరు చేత ఒట్టేయించుకున్నాడు. మాత్రలు ఈస్టు డబ్బాలో దాచుకున్నాడు. ఆ మర్నాడే మాస్టరుకి రాతియుగం పట్టింది.

మానమని చెప్తే వినే మనిషి కాదు నాన్న. పోట్లాటకి పిలిస్తే మాత్రం పరిగెత్తుకొస్తాడు. పెద్ద డబ్బా ఎందుకో, ఆ రెచ్చగొట్టడం ఎవరి కోసమో అమ్మాయికి ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ తనకి చెప్పలేదని ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఆ కోపంలోనే బాబాయ్‌ని కావలించుకోవాలనీ అనిపించింది. ఇంకొకటి కూడా తట్టింది ఆమెకి.

"బాబాయ్, మొదటి బ్రెడ్డు రోజూ మాడిందా, నువ్వే మాడ్చావా?"

మాస్టరు తలెత్తలేదు. "బట్టీ పాతదమ్మా. ఆ మూల సెగ ఎక్కువ" అన్నాడు.

"సెగా లేదు, నీ మొహమూ లేదు" అన్నాడు నాన్న. "మాడడానికీ మాడ్చడానికీ తేడా తెలీకుండానే ఇన్నేళ్ళు బేకరీ నడిపాననుకున్నావురా?"

"తెలిస్తే మరి రోజూ అన్ని తిట్లెందుకు తిట్టావు?"

"తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోదూ?"

మర్నాడు పొద్దున జడ్జిగారు బన్నుల కోసం వచ్చి, కౌంటరు ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. బట్టీ దగ్గర మాస్టరు బోడి మూతితో ఉన్నాడు, సరే. ఆయన పక్కన ఓనరు కూడా బోడి మూతితోనే ఉన్నాడు. ఓడింది మాస్టరైతే మీరెందుకు తీయించుకున్నారని జడ్జిగారు అడిగారు.

"ఏడాది పాటు వాడు పెట్టిన తిండి నేనే తిన్నానండీ. నన్ను ఓడించేశాడు" అన్నాడు ఓనరు. తర్వాత వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా గొంతు పెంచాడు. "నాకు షుగరు. నేను అమ్మేది నేను తినను. అయితే ఏంటి? నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసి, తర్వాత బన్నులు తీసుకోండి."

ఎవరూ నవ్వలేదు. వరసలో వెనక నుంచి ఒకాయన, నాకూ ఉందండీ అన్నాడు మెల్లగా. ఆయన ముందు నిలబడ్డావిడ, మా ఆయనకీ అంది. మధ్యాహ్నం ఆ డబ్బాలో ఏం పెడతారో కాస్త చెప్తారా అని అడిగింది. మాస్టరు లేని మీసం మెలేసుకుంటూ ముందుకొచ్చి, అయితే వినమ్మా, రాతియుగంలో అని మొదలుపెట్టాడు. వరస ఎంతకీ కదల్లేదు.

ఆ రోజు మొదటి బ్రెడ్డు బంగారు రంగులో దిగింది. అమ్మాయి దాన్ని జడ్జిగారి సంచీలో వేసింది. మధ్యాహ్నం మాస్టరు డబ్బా తెరిచాడు. ఇక దాచడానికేమీ లేదు గనక ఈసారి రెండు పళ్ళేలు పెట్టాడు. ఓనరు స్టూలు లాక్కుని కూర్చుని, గుమ్మడి ముక్క నోట్లో వేసుకుని, మొహం చిట్లించాడు.

"ఉప్పు తక్కువైంది."