కందకం తోటలో పదిహేడో అంకె

అబిడ్స్‌లో నేను బట్ట కొలిచే దుకాణం నుంచి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు, పోస్టాఫీసు దాటాక ఫుట్‌పాత్ మీద ఒకామె తడి గోనెసంచి పరుచుకుని పుదీనా కట్టలు అమ్ముతుంది. కట్టల వేర్లకు మట్టి అలాగే ఉంటుంది. ఆ తడిమట్టి, పుదీనా కలిసిన వాసన తగిలితే నా కాళ్లు ఆగుతాయి, మనసు లెక్కలోకి దిగుతుంది. పోయినవి ఇవి: పదకొండు గుమ్మాలు, ఒక చేదబావి, ఒక జామచెట్టు, కిర్రుమనే ఇనుప గేటు ఒకటి, ముప్పై ఆరు అడుగుల తోట, నలభై ఒక్క మంది మనుషులు. వీటిలో దేనికీ నేను కారణం కాదు. ఇంకొకటి కూడా పోయింది. అది మాత్రం నా వల్లే.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా కాంపౌండ్ ఉండేది. నగరం నడిమధ్య ఉన్నా అది ఒక చిన్న ఊరే. మధ్యలో పొడుగాటి వాకిలి, చుట్టూ పదకొండు కిరాయి ఇళ్లు, వాటిలో గుమాస్తాలు, పంతుళ్లు, చిల్లర వ్యాపారాల వాళ్లు. నేను పుట్టడానికి ముందు సంవత్సరం పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. సైరన్ మోగితే దీపాలార్పి దాక్కోవడానికి మగవాళ్లంతా కలిసి వాకిట్లో కందకం తవ్వారు. పొడవు ముప్పై ఆరు అడుగులు, వెడల్పు మూడు, లోతు మనిషి ఛాతీ దాకా. అందులోకి చీకట్లో ఎవరు ఎక్కడ దూరారో తెలిసేది కాదు, పిల్లలెవరైనా ఇంట్లోనే ఉండిపోయారేమోనని తల్లులు అల్లాడేవాళ్లు. అందుకని మొదటి ఇంటి రాజలింగం తాత ఇంటింటికీ తిరిగి మనిషికొక అంకె ఇచ్చాడు. కందకంలో కూర్చోగానే ఒకటి నుంచి నలభై ఒకటి దాకా ఎవరి అంకె వాళ్లు పలకాలి. ఏ అంకె పలకకపోతే ఆ మనిషి కోసం ఎవరో ఒకరు పైకి ఎక్కాలి.

కందకం తవ్వినవాళ్లలో అందరికన్నా ఎక్కువ మట్టి ఎత్తింది మా పక్కింటి మణెమ్మవ్వ కొడుకు యాదగిరి అట. పటాలంలో ఉండేవాడు, సెలవు మీద వచ్చి పార పట్టాడు. అతని అంకె పదిహేడు, మణెమ్మవ్వది పద్దెనిమిది. ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. సెలవు పూర్తికాక ముందే పిలుపు వచ్చింది, వెళ్లాడు. యుద్ధం అయిపోయింది. అతను రాలేదు, చనిపోయాడన్న మాటా రాలేదు. ఆచూకీ తెలియలేదని ఒక కాగితం వచ్చింది, అంతే.

కందకాన్ని పూడ్చారు. పూడ్చిన మన్ను గుల్లగా ఉండి, ఏ గింజ పడితే ఆ గింజ మొలిచింది. ఇంటికి మూడడుగుల చొప్పున ముప్పై మూడు అడుగులు పంచుకుని, మిగిలిన మూడడుగులు కుళాయి పక్కన అందరి పుదీనాకి వదిలారు. ఆ తోటకి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి మడికి వాళ్లు నీళ్లు పోయాలి, కలుపు తీయాలి, కానీ ఎవరి మడిలోది వాళ్లు కోసుకోకూడదు. కూర కావాలంటే పక్కవాళ్ల మడిలో కోసుకోవాలి, అదీ వాళ్ల గుమ్మం ముందు నిలబడి అడిగి. అందుకే మాట్లాడుకోని ఇల్లు మా కాంపౌండ్‌లో ఉండేది కాదు. పోట్లాడుకున్న ఆడవాళ్లు కూడా రెండో రోజుకు చారులోకి కొత్తిమీర కోసం మాట కలపాల్సి వచ్చేది. "ఏం వదినె, నీ మడిల మెంతికూర మీ ఆయన గడ్డమోలె పెరిగింది, జర గొరగనా?" అని మా అమ్మ అడిగితే, అవతల నుంచి "గొరుగు గొరుగు, ఆయినెను గూడ కూసోబెడ్త" అని జవాబు వచ్చేది.

వానాకాలంలో బీరతీగ ఇంటి రేకుల మీదకి పాకి ఎవరి కాయ ఎవరిదో తేలేది కాదు. బతుకమ్మ రోజులకి తోట అంచు పొడుగునా బంతిపూలు విచ్చుకునేవి, వాటిని కూడా పక్కింటి మడిలోంచే కోసి, రొట్టెల్లో బెల్లం పిసికి చేసిన మలీద ముద్దలు ఇంటింటికీ పంచుకుంటూ వాకిట్లోనే ఆడేవాళ్లు. చలికాలం పొద్దున స్టేషన్ వైపు నుంచి పొగ, మలుపు దగ్గరి బేకరీ నుంచి బిస్కెట్ల వాసన కలిసి గల్లీలోకి దిగేవి. మేము తోట గట్టు మీద కూర్చుని అష్టాచెమ్మా ఆడేవాళ్లం, గవ్వలు ఎన్నిసార్లు ఎన్ని పడ్డాయో నేను గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేదాన్ని. నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది, కానీ కనబడినదల్లా లెక్కపెట్టకుండా నేను ఏనాడూ ఉండలేదు.

ప్రతి డిసెంబరులో, మొదటి సైరన్ మోగిన రోజున, సాయంత్రం ఏడింటికి కాంపౌండ్ అంతా దీపాలు ఆర్పేది. అందరూ తోట చుట్టూ ఎక్కడ వీలైతే అక్కడ నిలబడి, ఒకటి నుంచి నలభై ఒకటి దాకా అంకెలు పలికేవాళ్లు. ఆ చీకట్లో అంకె తప్ప వేరే మాట రాకూడదు, లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ దీపం వేయకూడదు. ఇల్లు ఖాళీ చేసినవాళ్ల అంకెలు, కాలం చేసినవాళ్ల అంకెలు కొత్తగా వచ్చినవాళ్లకో పుట్టినవాళ్లకో ఇచ్చేవాళ్లు. నా పదహారు మా నాయనమ్మది. ఖాళీగా ఉన్న అంకెను ఆగకుండా దాటేసేవాళ్లు. ఒక్క పదిహేడు దగ్గర మాత్రం అందరూ ఒక గుక్క ఊపిరి ఆగేవాళ్లు. ఆ తర్వాత మణెమ్మవ్వ "పద్దెనిమిది" అనేది. లెక్క మళ్లీ నడిచేది.

నాకు పదేళ్లు వచ్చిన సంవత్సరం రాజలింగం తాతకి చూపు తగ్గింది. "చంద్రీ, అంకెల కాగితం ఇగ నువ్వే చూడు, ఈ కాంపౌండ్‌ల లెక్క తప్పనిది నువ్వొక్కదానివే" అని పాత క్యాలెండర్ వెనక రాసిన జాబితా నా చేతికిచ్చాడు. నేల మీద కాలు ఆనలేదు నాకు. అప్పటికి నాలుగు అంకెలు ఖాళీ: ఎనిమిది, పదిహేడు, ఇరవై మూడు, ముప్పై ఆరు. ఆ నెలలోనే కోస్తా నుంచి వరలక్ష్మి పిన్నిగారి కుటుంబం దిగింది. ఆమె, ఆమె భర్త, ఐదేళ్ల కూతురు, స్టేషన్‌లో కొత్తగా కొలువులో చేరిన తమ్ముడు ప్రసాదు. నాలుగు ఖాళీలు, నలుగురు మనుషులు. నేను పుట్టాక ఒక్కసారి కూడా నలభై ఒకటి నిండలేదు. ఇప్పుడు నిండుతుంది.

తెలియక చేశానని ఇన్నేళ్లలో చాలామందికి చెప్పాను. అది అబద్ధం. పదిహేడు ఎవరిదో నాకు తెలుసు. కానీ కాగితం మీద ఖాళీ గడి చూస్తే నాకు చేయి ఆగలేదు. ఆ డిసెంబరు లెక్క రోజు పొద్దున్నే నాలుగు చీటీలు రాసి వాళ్లింట్లో ఇచ్చి వచ్చాను. పదిహేడు ప్రసాదుకి పడింది.

సాయంత్రం ఐదింటికి మా అమ్మ పుంటికూర కోసుకు రమ్మంటే మణెమ్మవ్వ గుమ్మం ముందుకి వెళ్లాను. లోపల గౌలిగూడ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు బతిమాలుతున్నాడు.

"అక్కా, ఒక్కదానివి గీడ ఏం జేస్తవ్? మా ఇంటికి రా. పొయ్యి మీద గంజి దించెటోళ్లు గూడ లేకపాయె నీకు."

"రానురా" అంది అవ్వ. "నా కొడుక్కు బొంద లేదు, సమాధి లేదు. ఏ తారీకున పోయిండో తెల్వది. గీ వాకిట్ల, ఏడాదికి ఒక్క గుక్కసేపు, నలభై మంది వాని కోసం ఆగుతరు. దునియా మొత్తంల వానికి ఉన్న జాగ గంతే. అది ఇడిశిపెట్టి యాడికి రావాలె?"

నా చేతిలోని కొడవలి చల్లగా తగిలింది. కూర కోయకుండానే వరలక్ష్మి పిన్నిగారింటికి పరుగెత్తాను.

"పిన్నిగారూ, మీ తమ్ముడి అంకె మార్చాలి."

"ఇప్పుడా? వాడు డ్యూటీ దిగి తిన్నగా ఏడింటికి వచ్చేస్తానన్నాడే. పొద్దున గెడ్డం గీసుకుంటూ కూడా పదిహేడు, పదిహేడు అని ఒకటే బట్టీ. కొత్తవాళ్లం కదా, నలుగుర్లో తప్పు పలుకుతానేమోనని భయం వాడికి" అని నవ్విందామె.

రాజలింగం తాతకి చెప్పొచ్చు, నాన్నకి చెప్పొచ్చు. చెబితే కాగితం నా చేతిలోంచి పోతుంది. ప్రసాదు ఒక్కడికి చెబితే చాలు, ఎవరికీ తెలియకుండా సరిపోతుంది అనుకున్నాను. గేటు నుంచి స్టేషన్ ముందు మెట్ల దాకా ఆరువందల నలభై అడుగులు. ఏదో బండి అప్పుడే వచ్చినట్టుంది, పెట్టెలు, కూలీలు, టాంగాలు, మనుషుల మోకాళ్లు తప్ప నాకేమీ కనబడలేదు. గడియారం ఆరున్నర దాటింది. ఏ గదిలో పనిచేస్తాడో తెలియదు, అడిగితే ఇంటిపేరు తెలియదు. ఒక పోలీసాయన "ఏందే పోరీ, తప్పిపోయినవా?" అని చేయి పట్టుకోబోతే విదిలించుకుని వెనక్కి పరుగెత్తాను. ఈసారి అడుగులు లెక్కపెట్టలేదు.

నేను గేటు తోసేసరికి దీపాలు ఆరిపోతున్నాయి. చివరిది మా ఇంటిదే. నేను రావడం చూసి, ఎక్కడికి పోయావని అడగకుండా, అమ్మ నా రెక్క పట్టుకుని తన ముందు నిలబెట్టుకుంది. గేటు మళ్లీ కిర్రుమంది. బూట్ల చప్పుడు. అతనే. మాకు ముప్పై అడుగుల దూరంలో, మణెమ్మవ్వ నిలబడ్డ కొసకి అవతలి కొసన ఆగాడు.

"ఒకటి" అన్నాడు రాజలింగం తాత, దగ్గుతూ.

రెండు, మూడు, నాలుగు. ఎనిమిది అని వరలక్ష్మి పిన్నిగారి భర్త పలికితే ఎవరో సంతోషంగా గొంతు సవరించుకున్నారు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు మా నాన్న. పదిహేను మా అమ్మ, నా తల మీదుగానే పలికింది. ఆ తర్వాత నేను.

నేను పలకలేదు. నేను పలకకపోతే పదిహేడు రాదు. పది దాకా లోపల లెక్కపెట్టాను, ఇరవై దాకా లెక్కపెట్టాను. చీకట్లో గాజులు కదిలిన చప్పుడు, ఎవరి పసిబిడ్డో కుయ్‌మన్న చప్పుడు. అంకె రాకపోతే మనిషి కోసం ఎవరో ఎక్కాలన్న పాత భయం అందరిలోనూ లేచినట్టుంది, గుసగుసలు మొదలయ్యాయి. అమ్మ నా భుజం గిల్లింది. మాట్లాడకూడదన్న నియమం తప్పి నాన్నే గట్టిగా అన్నాడు: "ఏమే, నోట్ల ఏం పెట్టుకున్నవ్? చెప్పు!"

"పదహారు" అన్నాను.

"పదిహేడు!"

నిండు గొంతు. బట్టీపట్టిన గొంతు. వాకిలంతా వినబడింది.

ఇక పలకాల్సింది మణెమ్మవ్వ. అవ్వ పలకలేదు. మొక్కలు విరుగుతున్న చప్పుడు వినబడింది. పదకొండేళ్లలో ఎవరూ కాలుపెట్టని మడుల మీదుగా, మెంతికూర తొక్కుకుంటూ, ఆమె తోట పొడవునా నడిచి వెళుతోంది. దీపం వేయడానికి ఎవరికీ చేయి రాలేదు. లెక్క పూర్తి కాలేదు.

"యాదగిరీ?"

ఆ పిలుపులో ఏడుపు లేదు. బయట నుంచి ఆలస్యంగా వచ్చిన కొడుకుని అన్నం తింటావా అని అడగబోయే తల్లి గొంతు అది. ఆమె చేతులు అతని ముఖం తడుముతున్నాయని మాకు గాజుల చప్పుడు వల్ల తెలిసింది. అతను చాలా మెల్లగా అన్నాడు.

"క్షమించండమ్మా. నేను ప్రసాదునండి. నాకు ఎవరూ చెప్పలేదు."

"ఔ బిడ్డా. తెలిసింది. వాడు గింత పొడుగు లేకుండె." ఆ తర్వాత తన అంకె పలికింది. "పద్దెనిమిది."

లెక్క నలభై ఒకటి దాకా నడిచింది. ఒక్క ఖాళీ లేకుండా.

దీపాలు వెలిగాక ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. రాజలింగం తాత కాగితం అడిగాడు. నేనే రాశానని చెప్పాను. నాన్న చేయెత్తితే మణెమ్మవ్వ ఆ చేయి పట్టుకుని దించి, నన్ను తన ముందుకి లాక్కుంది. ఆమె పాదాలకి తడిమట్టి, నలిగిన ఆకులు అంటుకుని ఉన్నాయి.

"పిల్లా, నీకు లెక్కలొస్తయి గదా. ఇయ్యాల నా కొడుకు జాగ నువ్వు తీస్కున్నవ్. కొట్టను, తిట్టను. గని ఒకటి నాకు బాకీ పడ్డవ్. వచ్చే ఏడు, నీ పదహారు అయినంక, మంచిగ ఆగు. అప్పుడు నేను నా అంకె చెప్త. యాదికుంచుకో."

"ఔ అవ్వా" అన్నాను.

తెల్లవారి ప్రసాదు వచ్చి తొక్కిన మడులన్నీ సరిచేసి, మణెమ్మవ్వ గుమ్మం ముందు నిలబడి, కూర కావాలని అడిగాడు. ఆమె కోసిచ్చింది. నేను జాబితాలో పదిహేడు పక్కన అతని పేరు కొట్టేసి, గడి ఖాళీగా ఉంచాను. ఎండాకాలం గడిచింది. వానలు పడ్డాక యజమాని మనిషి వచ్చి, స్థలం అమ్మేశాం, దసరా లోపల ఖాళీ చేయాలన్నాడు. ఎవరి సామాను వాళ్లు కట్టుకున్నారు. మణెమ్మవ్వని తమ్ముడు గౌలిగూడ తీసుకుపోయాడు. డిసెంబరు లెక్కకి ఇంకా ఇరవై రోజులు ఉందనగా ఆమె పోయిందని మాకు కబురు వచ్చింది.

ఇప్పుడు అక్కడ మూడంతస్తుల భవనం, కింద సెల్లార్. పోయిన డిసెంబరులో, ఆ తేదీనే, దుకాణం నుంచి వస్తూ సెల్లార్‌లోకి దిగాను. కందకం కన్నా రెండింతలు లోతు. డెబ్బై రెండు స్కూటర్లు, మోటార్‌సైకిళ్లు ఉన్నాయి. కాపలా అతను "ఏ బండమ్మా మీది?" అన్నాడు. ఏదీ కాదన్నాను. ఏడింటికి, గోడవైపు తిరిగి, పదహారు అన్నాను. ఆగాను. ఎంతసేపు ఆగాలో నాకు తెలియలేదు. రెండువైపులా అంకె ఉంటేనే మధ్యలో ఉన్నది ఖాళీ అవుతుంది, లేకపోతే అది ఊరికే ఎవరూ మాట్లాడకపోవడం. ఎంతసేపు ఆగినా పద్దెనిమిది చెప్పేవాళ్లు లేరు. కాబట్టి తీర్చినట్టు రాసుకోలేదు.

బాకీ ఒకటి.