మనోళ్లే, పోనియ్యిండ్రి

ఇప్పటికీ విమానం మా ఇంటి మీదుగా దిగుతూ కిటికీ అద్దాలు గలగలలాడిస్తే, నా చేయి పని వదిలి దానంతటదే పైకి లేస్తుంది. ఎస్తేరు మేడం అలవాటు అది. శంషాబాద్ దగ్గరి మా పరిశోధనశాలలో ఆ చప్పుడుకి మైక్రోస్కోపులో బొమ్మ అదిరేది. ఆమె అరచేయి ఎత్తేవారు, మేమంతా ఆగేవాళ్లం. పక్కనున్న పాల్మాకుల అనే పల్లె నుంచి వచ్చి అంత పెద్ద శాలను నడిపినా ఆమె మాట ఊరిదే, కోపమూ ఊరిదే.

ఆమె జీవితమంతా ఫాక్స్‌పీ3 అనే ఒక్క ప్రోటీను చుట్టూ తిరిగింది. కణంలో ఏ జన్యువు పని చెయ్యాలో, ఏది ఊరుకోవాలో చెప్పే ప్రోటీను అది. దానివల్లే కొన్ని కణాలు, మన ఒంటి కాపలా కణాలను అదుపులో పెట్టేవిగా తయారవుతాయి. చేరిన కొత్తలో నాకు ఇదంతా తలకెక్కలేదు.

"బాలాపూర్ల గణేశుని లడ్డు వేలం కాడ చూడలే? గేటు కాడ అందరిని ఆపుతుంటరు. ఇగ ఊరి పెద్దమనిషి వచ్చి, మనోళ్లే, పోనియ్యిండ్రి అంటడు. గదే దీని పని" అన్నారు మేడం. అతి చేస్తే క్యాన్సరు గడ్డను కూడా మనోళ్లే అని వదిలేస్తుందట.

తరవాత, కూతురు పుట్టిన కొన్నేళ్లకు, నాకు బాబు పుట్టాడు. నెలల పిల్లాడికి ఆగని విరేచనాలు, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, ఆపైన షుగరు. ఏ దవాఖానలోనూ కారణం తేలలేదు. మా అమ్మకు నాకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ ఇలాగే పోయారని ఒకరోజు మేడం దగ్గర వాపోయాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఇద్దరూ మగపిల్లలేనా?" అని మాత్రం అడిగారు. అవునన్నాను.

బాబుకు పరీక్ష చేయిస్తే, ఆ ప్రోటీనును తయారుచేసే జన్యువులోనే ఒక్క అక్షరం తప్పుంది. అమ్మ నుంచి నాకు, నా నుంచి వాడికి. మనోళ్లే అని చెప్పే దిక్కులేక, వాడి ఒళ్లు వాడి పేగులనే కొరుక్కుతింటోంది. నేనే ఇచ్చానని కుమిలిపోయాను.

"నీకూ తప్పు అక్షరం ఉన్నది. మరి నువ్వెట్ల మంచిగున్నవ్? ఆడోళ్లకు గీ జన్యువు రెండుంటయి, మొగోళ్లకు ఒక్కటే. తప్పుది పట్టుకున్న కణాలు పక్కకు పోయినయి. మంచియి మొత్తం పని నెత్తికెత్తుకున్నయి, నీకు తెల్వకుండనే. వానికి గసుంటియి బయటికెళ్లి తెద్దాం" అన్నారు మేడం. ఆ మాటకు ఏడుపు మరిచిపోయి నా చేతులవంక నేనే కొత్తగా చూసుకున్నాను.

వాడి అక్క ఎముక మూలుగ వాడికి సరిపోయింది. ఎక్కించారు, వాడు బతికాడు.

మేడం ఇప్పుడు లేరు. తప్పు అక్షరం నాలో అలాగే ఉంది. వాడు బడి నుంచి మోకాళ్లు చెక్కుకుని వస్తాడు. దెబ్బ ఎర్రగా వాచి, మర్నాటికి దానంతటదే దిగుతుంటే కళ్లప్పగించి చూస్తాను.

"ఏందమ్మా, గట్ల చూస్తున్నవ్?"

"లోపల ఎవరో మనోళ్లే అన్నరు బిడ్డా."