కుట్టేసిన ఆఖరి అధ్యాయం

మా పక్కింటి పెద్దమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. మా దీవిలో, ప్రోతరాపూర్‌లో వాళ్లకీ మాకూ మధ్య గోడ ఒక్కటే. గోల్ ఘర్ బజారులో నేను పనిచేసే దుకాణానికి కబురొచ్చింది. బస్సు దిగి పరుగున వెళ్లేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆవిడ బోసి చేతులు చూసి మండిపడుతున్నారు.

"గాజులెవలు తీసీసినారు? పన్నెండేళ్లు తియ్యనేదు కదా!"

అక్కడ నోరు విప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

పెద్దమ్మ దగ్గర ఒకే ఒక్క పుస్తకం ఉండేది. ఏనాడో రాజ్యాన్ని ఏలిన ఒక రాణి జీవితం మీద నవల. పెళ్లయి విశాఖ నుంచి ఓడలో ఈ దీవికి వస్తూ చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని పైకి చదివేది. బడిలో హిందీ చదువుకున్న నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆవిడ వేలు వెంటే. రాణి పట్టాభిషేకం వస్తే లేచి అందరికీ టీ పెట్టేది. మంత్రి కుట్ర పన్నితే చదవడం ఆపి వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేది. "రాణైతే ఏటి? దానికీ నిద్ర నేదు, నాకూ నేదు" అనేది. ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు పుట్టలేదు.

ఆఖరి అధ్యాయంలో రాణి చనిపోతుంది. పెద్దమ్మ భర్త చేపల వేటకు వెళ్లేవాడు. బోటు సముద్రం మీద ఉన్నన్నాళ్లూ ఇంట్లో చావు మాట ఎత్తకూడదన్నది వాళ్ల పట్టింపు. అందుకని ఆ అధ్యాయం మాత్రం ఆయన క్షేమంగా ఇంటికొచ్చిన రోజునే చదివి, హాయిగా ఏడ్చేది.

ఒకసారి బోటు తిరిగి రాలేదు. వారం చూసి, పెద్దమ్మ ఆ పేజీలన్నిటినీ నీలం వలదారంతో కుట్టేసింది. "మీ పెదనాన్న వచ్చీసినాక ఇప్పుదాం" అంది. శవం దొరకలేదు. కర్మ చేయనివ్వలేదు, గాజులు తీయనివ్వలేదు. పన్నెండేళ్లు అదే నవల చదవడం, అదే చోట ఆగడం. అందరూ పిచ్చి అన్నారు. నేనూ ఒకటి రెండుసార్లు అన్నాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం నన్ను మంచం దగ్గరికి పిలిపించింది. ఊపిరి సరిగా అందడం లేదు. పుస్తకం చూపించి, "కుట్టు ఇప్పే, గుంటా" అంది.

"పెదనాన్న బోటు ఇంకా రాలేదు కదా, పెద్దమ్మా."

"రాదే. నాకెప్పుడో తెలుసు. బస్, చాలిక. చదువు."

దారం కోశాను. ఇప్పటికీ నాకు తెలుగు గబగబా చదవడం రాదు. కూడబలుక్కుంటూ చదివాను. ఒత్తు తప్పితే ఆ స్థితిలో కూడా దిద్దింది. రాణి కన్నుమూసే చోట ఆగి పెద్దమ్మ మొహంలోకి చూశాను.

"ఆగకు" అంది.

ఆఖరి వాక్యం దాకా విని, "బాగా రాసినాడే" అని మెచ్చుకుంది. తర్వాత రెండు చేతులూ నా ముందుకు చాపింది.

నేనే తీశాను. సబ్బునీళ్లు రాసి, ఒక్కటీ పగలకుండా తీశాను.

పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆఖరి పేజీల అంచున వరసగా సూది కన్నాలు. కిటికీ దగ్గర పేజీ ఎత్తి పట్టుకుంటే, వాటిలోంచి ఎండ నా మణికట్టు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.