చంకలో తమ్ముడు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లొచ్చేసరికి, మా తమ్ముడు నా చంక దిగేవాడు కాదు. మాది పెడన. నాన్న మగ్గం నేసేవారు, అమ్మ పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలకి నూలు చుట్టేది. బళ్లో ఉన్నంతసేపు తప్ప తమ్ముణ్ణి ఎత్తుకునే పని నాదే. వాడు బొద్దుగా ఉండేవాడు, నడక కూడా ఆలస్యంగా వచ్చింది. కుడిచేత్తో ఏదో ఒక పని ఉంటుంది కదా, అందుకని ఎప్పుడూ ఎడమ చంకనే ఎత్తుకునేదాన్ని. అది నాకు కష్టమనిపించలేదు. వాడంటే ప్రాణం నాకు.

ఆ ఏడు దసరాకి నాకు పరికిణీ గుడ్డ కొన్నారు. పక్కింటి అక్క మిషను కుట్టేది, తనే కుట్టి తీసుకొచ్చింది. కట్టుకుని చూస్తే అంచు ఒక పక్క నేలకి తగులుతోంది, ఇంకో పక్క చీలమండ పైకి ఉంది. అక్క దాన్ని విప్పించి చాప మీద పరిచి చూసింది. రెండు వైపులా సమానంగానే ఉంది. మళ్లీ కట్టుకుంటే మళ్లీ వంకరే.

"నిటారుగా నించోవే," అంది అమ్మ, రాట్నం దగ్గర్నుంచే. ఆ మాట నేను రోజూ వినేదే. నిటారుగానే నించున్నాననుకుంటున్నాను నేను.

అక్క నన్ను వెనక్కి తిప్పి, జాకెట్టు పైకి జరిపి, గుడ్డ మీద గీసే సుద్దముక్కతో మెడ కింద నుంచి నడుం దాకా వెన్నెముక వెంట గీత గీసింది. చక్కిలిగింత పుట్టి నవ్వాను.

"పిన్నీ, ఒకసారి ఇటొచ్చి చూడండి," అంది నెమ్మదిగా.

అమ్మ వచ్చి నా వెనకాల నిలబడింది. ఏమైందక్కా అన్నాను. అక్క అమ్మతోనే, "గీత ఒక పక్కకి ఒరిగింది పిన్నీ. ఇందులో పిల్ల తప్పేం లేదు," అంది.

మర్నాడు ఇద్దరూ నన్ను బందరు తీసుకెళ్లారు. ఎముకల డాక్టరు గారు నన్ను ముందుకి వంగమని, వీపంతా తడిమి చూశారు. నడుం దగ్గర నొక్కితే నొప్పి అన్నాను. ఎముక బాగానే ఉందని, ఒకే వైపు బరువు మోసి కండరాలు బిగిశాయని, తొందరగా చూశారు కాబట్టి సర్దుకుంటుందని చెప్పారు. పిల్లాణ్ణి ఎత్తుకోనివ్వద్దన్నారు. నడుముకి కొన్ని వ్యాయామాలు నేర్పారు.

తిరుగు బస్సులో అమ్మ నన్ను దగ్గరకి లాక్కుని, "నొప్పిగా ఉందని ఒక్కసారైనా చెప్పలేదేమే?" అంది.

"సాయంత్రమయ్యేసరికి అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నా," అన్నాను.

అమ్మ కిటికీ వైపు తిరిగి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత నాన్న మగ్గం పక్కనే దూలానికి చీర ఉయ్యాల కట్టారు. మధ్యాహ్నాలు అక్క తమ్ముణ్ణి తన దగ్గర ఉంచుకునేది. మొదట్లో వాడు నాకోసం చేతులు చాచి ఏడిస్తే చూడలేక నేనూ ఏడ్చేదాన్ని. అప్పుడు అక్క నన్ను చాప మీద కూర్చోబెట్టి, వాణ్ణి నా ఒళ్లో వేసేది. ఎత్తుకోకపోయినా ముద్దు చెయ్యొచ్చులేవే అనేది. వేసవి సెలవులకి నా నడుం సర్దుకుంది. ఈలోపు వాడికీ నడక వచ్చి, మమ్మల్నందరినీ వీధంతా పరిగెత్తించాడు.

ఇప్పుడు నా మనవరాలు మెడ వంచుకుని ఫోను చూస్తుంటే, సరిగ్గా కూర్చోమని వాళ్లమ్మ కేకలేస్తుంది. నేను వెళ్లి దాని వీపు మీద చెయ్యి వేసి, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడుగుతాను. లేదమ్మమ్మా అంటుంది. ఆ వయసులో ఎవరైనా అడిగి ఉంటే నేనూ లేదనే చెప్పేదాన్ని. అందుకే ఇంకాసేపు చెయ్యి అక్కడే ఉంచుతాను.