మునిగిన మనిషి సాయం చేయకూడదు

కల్బా అనే ఈ అరబ్బు ఊరి సముద్రతీరంలో ఉన్న మా లైఫ్‌సేవింగ్ క్లబ్బు చరిత్ర రాస్తున్నారట, అందులో బోర్డు పాడ్లింగ్ సంగతులు నన్ను చెప్పమన్నారు. ఈత రానిదాన్ని, ఒడ్డున కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చేదాన్ని. అయినా మొదటి రోజు నుంచీ చూసింది నేనేగా!

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది మొదలైంది క్లబ్బు. అప్పుడున్నవి ఎవరో వాడి వదిలేసిన రెండు బోర్డులే. ఇద్దరు మోస్తే గానీ నీళ్ళ దాకా వెళ్ళేవి కావు. పాడ్లింగ్ అంటే బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులనే తెడ్లు చేసుకుని, మునుగుతున్న మనిషి దగ్గరికి చేరడం. కొన్నాళ్ళు అందరూ పడుకునే వెళ్ళారు. తర్వాత ఎవరో మోకాళ్ళ మీద లేచారు. ఇక చూడాలి, క్లబ్బు క్లబ్బంతా దబ్బుదబ్బున నీళ్ళలో పడడమే. ఆ పడేవాళ్ళలో మా అమ్మాయే ముందు. మోకాళ్ళు చెక్కుకుపోయి ఇంటికొస్తే కొబ్బరినూనె రాస్తూ, నీకెందుకే ఈ సముద్రం పీడ అని తిట్టేదాన్ని. తిట్టు తిట్టే, నూనె నూనే.

తేలిక బోర్డులు వచ్చేసరికి పిల్ల కాలేజీకి వచ్చింది. ఒడ్డున కాపలా కాసే జట్టులో చేరాలని దాని పంతం. స్పృహ తప్పినట్టు నటించే మనిషిని బోర్డు మీద ఒడ్డుకి తేవడమే పరీక్ష. రెండు అవకాశాలిస్తారు, తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. నటించాల్సిన స్నేహితురాలికి ఆ ఉదయమే జ్వరం. పిల్ల ముఖం చూడలేక, లైఫ్ జాకెట్ తొడుక్కుని నేనే దిగాను. ముక్కోటి దేవతలకీ మొక్కుకున్నాననుకోండి.

మొదటిసారి అది చక్కగానే వచ్చింది. నన్ను లాగబోతే, పాపం బరువవుతానని నేనే బోర్డు పట్టుకుని ఎగబాకాను. పైగా, జాగ్రత్తే, వెనక అల వస్తోంది అన్నాను. పక్కన పడవలో ఉన్న కోచ్ ఖలాస్ అంటూ చేయి ఊపేశారు. మునిగిన మనిషి అలల గురించి చెప్పదమ్మా, ఇది లెక్కలోకి రాదన్నారు.

అమ్మాయి కోప్పడలేదు. చెవి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అమ్మా, నా మీద నమ్మకం లేదా నీకు?"

నిన్నమొన్నటిదాకా దాని పుస్తకాల సంచీ కూడా నేనే సర్దాను.

రెండోసారి కళ్ళు మూసుకుని ఒళ్ళు వదిలేశాను. వేలు కూడా కదపలేదు. అది నా చెయ్యి అందుకుని, బోర్డు తిప్పి, నన్ను పైకి లాగింది. నా వెనక చేరి చేతులు వేయడం మొదలుపెట్టింది. దాని రొప్పు నా వీపుకి తగులుతోంది. ఆగిపోతుందేమో అనుకున్నాను. ఆగలేదు.

కల్బా ఒడ్డుకి అన్ని భాషలవాళ్ళూ వస్తారు కాబట్టి, మునిగిన మనిషిని వాళ్ళ భాషలోనే పలకరించడం మా క్లబ్బు పద్ధతి. నన్ను ఇసుక మీదికి చేర్చి, భుజం తట్టి, ఎవరో పరాయి మనిషిని అడిగినట్టు అడిగింది. "ఏమండీ, నా మాట వినిపిస్తోందా?"

ఎంత మర్యాదగా అడిగిందో! నాకు ఏడుపొచ్చింది, పెదవి బిగబట్టాను.

కోచ్ పాసన్నారు. చుట్టూ చప్పట్లు.

"అమ్మా, అయిపోయింది. లే."

"ఉండవే కాసేపు," అన్నాను కళ్ళు తెరవకుండానే. "అమ్మనయ్యాక నన్నెవరూ ఇలా మోయలేదు."

అది తడి ఇసుకలో కూర్చుని, నా తల ఒళ్ళో పెట్టుకుంది.